చెయ్యి పెట్టి చూసుంటే

పశువైద్యం చివరి ఏడాది చదువుతున్నాను. బోగోలులో కావలి బస్సెక్కి, ఇక పశువును ఫొటో తీస్తే చాలు, ఏఐ జబ్బేదో చెప్పేస్తుందని ఫోన్లో స్నేహితుడికి గొప్పగా చెబుతున్నాను. పక్కసీటు పెద్దామె అంతా విన్నది.

"చూలుతో ఉన్న మా బర్రె మేత మానేస్తే, వచ్చిన పశువుల డాక్టరు కూడా ఫొటోనే తీసినాడు నాయనా. అజీర్తని ఫోను చెప్పిందంట. మందిచ్చి పోయినాడు. కడుపులో దూడ అడ్డం తిరిగుండాది. చెయ్యి పెట్టి చూసుంటే తెలిసేది. రెండూ పోయినాయి."

నా అరచెయ్యి పట్టుకుని వేలితో తడిమింది. "మెత్తగుండాదే. ఎప్పుడన్నా గొడ్డును ముట్టుకున్నావా?"

చెయ్యి లాక్కున్నాను. ఆమె తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆ వారమే కాలేజీ సెమినార్లో మా వృత్తికి ఏఐ ఎంత మేలో చెప్పాను. ఆమె బర్రె సంగతి ఎత్తలేదు. అందరూ చాలాసేపు చప్పట్లు కొట్టారు.