యానాం సైనికుల రాయికి నేను వేసిన దండ

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులూ ఎక్కువే. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది, ఏమనుకోకండి. కాగితం మీద రాసిస్తే మా ఆడపడుచు సునీత దిద్ది తన బ్లాగులో పెడతానంది. యానాంలో సైనికుల స్మారకం చూడాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఆయన ఆర్మీలో ఉన్నారు. మా అత్తగారి నాన్నది యానాం దగ్గర కనకాలపేట, ఆయన ఫ్రెంచివాళ్ల సైన్యంలో పనిచేశారట. గోదావరి ఒడ్డున రాతి మీద ఆయన పేరు చెక్కారని తెలిసి, మోకాళ్ల నొప్పులతో కదల్లేని అత్తగారు నన్ను పంపారు. "మా నాన్నకి దండేసి, ఫొటో తీసి పంపు" అన్నారు. ఒంటరిగా బయల్దేరడం నాకదే మొదటిసారి.

ఉదయం ఎనిమిదింటికి ముమ్మిడివరంలో బస్సెక్కాను. ఎదుర్లంక వంతెన దాటితే యానామే. ముప్పావుగంట కూడా పట్టలేదు, టిక్కెట్టు ముప్పై రూపాయల్లోపే. బజారులో పొడుగాటి బంతిపూల దండ కొని ఆటో ఎక్కాను. "ఒడ్డున బోల్డు బొమ్మలున్నాయండి, ఏ బొమ్మ కాడికి?" అన్నాడు ఆటో అతను. "సైనికుల రాయి" అని గొణిగాను. "కాస్త గట్టిగా చెప్పండమ్మా, చెప్పేది నాకు, గోదారికి కాదు" అని నవ్వాడు.

నిలువెత్తు నల్లరాయి. పైన రెండు వరుసల రాత, కింద పేర్లు. నేను పెదవులు కదిపి, కూడబలుక్కుని చదువుతాను. చుట్టూ నడకకొచ్చినవాళ్లున్నారు. వాళ్ల ముందు సిగ్గేసి పైరాత వదిలేశాను. తాతగారి పేరు మాత్రం వెతికి పట్టుకున్నాను. ఆయనకొక్కరికే వేస్తే మిగతావాళ్లకి చిన్నతనమని, అందరి పేర్ల మీదా పడేట్టు దండ వేసి, దణ్ణం పెట్టి, ఫొటో తీసి ఇంటికి పంపేశాను.

"అయ్యో అయ్యో! ఎవరే నువ్వు? తియ్యి!" ఒక పెద్దావిడ పరుగున వచ్చి దండ లాగేసింది. "ఇది పోయినోళ్ల రాయొక్కటే కాదే, పనిచేసి తిరిగొచ్చినోళ్లది కూడా. పైన రాసుందిగా, కళ్లు లేవా? మా ఆయన బతికే ఉన్నాడు. రేపు కాకినాడలో గుండె ఆపరేషను. ఇవాళే చూడాలా నేనిది!"

భూమి చీలితే బాగుండుననిపించింది.

కొంచెం అవతల బల్ల మీద కర్ర పట్టుకుని కూర్చున్న ముసలాయన, "ఏంటే సత్యవతీ గోల?" అన్నారు. ఆవిడ చెప్పింది. "ఓస్, దండా! మెడున్నోణ్ణి నేనిక్కడుంటే రాయికెందుకు? ఇలా తే పిల్లా."

పరాయి మగవాడి మెడలో దండ ఎలా వేస్తాను? తలొంచుకుని నిలబడ్డాను. ఎవరి తాలూకు అని అడిగితే తాతగారి పేరు, మా ఆయన ఆర్మీలో ఉన్న సంగతి చెప్పాను. ఆయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఏ రెజిమెంటు?" అన్నారు. అదీ తెలీదు నాకు.

పెద్దావిడ నా మొహం చూసి, తనే దండ తీసుకెళ్లి ఆయన మెడలో వేసింది.

"పెళ్లినాడు కూడా ఇంత పెద్దది వెయ్యలేదే నువ్వు!"

"అప్పుడింత పొట్ట లేదుగా మీకు."

నడిచేవాళ్లు ఆగి నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా దండ మళ్లీ మళ్లీ సర్దుతూనే ఉంది. రాలిన పూలు ఏరి రాయి మొదట్లో పెట్టి వచ్చేశాను.

ఆపరేషను ఎలా జరిగిందో తెలీదు. ఫోన్ నంబరు అడగడానికి నోరు రాలేదు. మా ఆయన పేరు మీద ఎవరైనా అలా దండేస్తే నేనైతే ఆవిడలా అంతటితో ఊరుకునేదాన్ని కాదు. మా అత్తగారు మాత్రం ఆ ఫొటో ఇంటికొచ్చినవాళ్లందరికీ మురిసిపోతూ చూపిస్తున్నారు. చూపించిన ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లిపోతున్నాను.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఎవరు చూసినా సరే, పెదవులు కదిలినా సరే, పైరాత ముందు చదవండి. పూలు పేర్ల మీద కాదు, రాయి మొదట్లో పెట్టండి.

సునీతా, ఎక్కించడం అయ్యాక ఈ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యమ్మా. అత్తయ్యగారు ఎవరిచేతా చదివించుకోకూడదు.