బాహుదా వచ్చిన రోజు మా పొట్టి ఆవు

మదనపల్లెలో బాహుదా అనే నది ఉందని పుస్తకాల్లో రాస్తారు. ఏడాదిలో పదకొండున్నర నెలలు అక్కడ ఉండేది కంపచెట్లు, కోళ్ళ ఈకలు, ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళన్నిటి ప్లాస్టిక్ గ్లాసులు. ఎండినన్నాళ్ళూ మనుషులు ఏట్లోకి జరుగుతారు. నీళ్ళొచ్చిన రోజు ఏరు మనుషులను వెనక్కి తోస్తుంది. నా చిన్నప్పుడు ఒక వీధిని తోసింది. పెళ్ళయిన కొత్తలో రెండు వీధులను తోసింది. రెండుసార్లూ బురద ఆరకముందే జనం మునుపటికంటే గజం ముందుకొచ్చి పునాదులు తవ్వారు. ఈ ఊరి వరదల చరిత్ర ఇంతే.

అందరికంటే ముందుకొచ్చినవాడు మా ఇంటి ఓనరు. వీధి వైపు ఆయన మేడ, దాని వెనక ఏటి ఒడ్డున మా అద్దె రేకులిల్లు. గృహప్రవేశం అయిన మర్నాడే ఆ మహానుభావుడు కుప్పం నుంచి లారీడు గ్రానైట్ బండలు దింపించి పక్క సందు మూసేశాడు. ఊపిరి బిగబట్టి అడ్డంగా నడిస్తే మనిషి పట్టేంత దారి మిగిల్చాడు. మా ఆవు బయటికి దారిలేక వెనక కొట్టంలోనే ఉండిపోయింది.

ఆ ఆవు మా ఆవిడ పుంగనూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ జాతే పొట్టిది. మాది మరీ పొట్టి, మా మంచం దానికంటే ఎత్తు. దాన్ని చూసుకున్నట్టు మా ఆవిడ నన్నెప్పుడూ చూసుకోలేదు.

మొన్నటి వానలకు పైనున్న చెరువులన్నీ నిండి పొర్లాయి. పొద్దున పది గంటలకు ఏరొచ్చింది. వాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసి చేసి అలసిపోయిన జనం కదా! సామాన్లు ఎత్తిపెట్టుకోవలసిన ఆడవాళ్ళందరూ పసుపు కుంకుమలు పట్టుకొని మా పెరట్లోకి వచ్చి హారతులు మొదలుపెట్టారు.

"ఆవును కొట్టంలోంచి తోలాల, జరుగు" అన్నాను.

"గమ్మునుండు! గంగమ్మ ఇంటికొస్తాంటే ఎదురు మాట్లాడొచ్చునా? ముందు టెంకాయ కొట్టు" అంది మా ఆవిడ.

కొట్టాను. చిప్ప కింద పెట్టేలోపే తేలిపోయింది. ఆడవాళ్ళు కేకలు పెడుతూ సందు వైపు పరుగెత్తారు. నాకు తొడల దాకా వచ్చిన నీళ్ళు ఆవుకు గొంతు దాకా వచ్చాయి. పలుపు కోసి, ఇద్దరం దాన్ని ఓనరు పెరటి తలుపు దాకా ఈడ్చుకొచ్చాం. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఈడ కాదప్పా! కొత్త టైల్సు. పేడేస్తే ఎవురు కడిగేది?"

"నీళ్ళు నీ గడప కాడికొచ్చినాయి, సూడు!"

"మా నాయన కాలంలో ఇంతకంటే పెద్దది వచ్చింది. ఈ గడప దాటలే."

"మీ నాయన కాలంలో ఈ గడప యాడున్నింది? ఏరున్నింది ఈడ!"

ఆవు మోర పైకెత్తి ఒక్క అరుపు అరిచింది. దాంతో మా ఆవిడ నన్ను పక్కకు నెట్టింది.

"గృహప్రవేశం నాడు నా ఆవును ముందు తోలి, దాని వెనకాల లోపలికి పోయినావే! ఆ పొద్దు పేడేస్తే లక్ష్మి వచ్చిందని దండం పెట్టినావే! ఈ పొద్దు కంపు కొడతాందా? తియ్యప్పా తలుపు!"

గడియ తీసింది ఓనరు కాదు, ఆయన భార్య. ఆవు లోపలికొచ్చి, హాలు నడిమధ్యన తీరిగ్గా నిలబడి, ముగ్గురు మొయ్యలేనంత పేడ వేసింది. వీధిలోనూ నీళ్ళే. అందుకని దాన్ని తోసుకుంటూ మెట్లెక్కించి మిద్దె మీదికి చేర్చాం. మా వెనకే ఓనరు, ఆయన భార్య, ఆ వెనకే మెట్ల మీదికి నీళ్ళు.

పైనుంచి చూస్తుండగానే మా కొట్టం గుంజలతో సహా పోయింది. మా ఆవిడ ఆవు మెడ చుట్టూ చెయ్యి వేసి, ఏటికేసి చూసి, "నీ మొగం మండ! ఇంకోసారి ఈ పక్కకొస్తే సూడు" అంది. ఓనరు భార్య కూడా అందుకుంది. ఇద్దరూ కలిసి ఆ నదిని ఏడు తరాలకు సరిపడా తిట్టారు.

నేను మాత్రం ఓనరునే తిట్టాను. ఏరు ఎటూ వినిపించుకోదు. ఈయన నా పక్కనే ఉన్నాడు, దిగి పోవడానికి దారి కూడా లేదు.