అండీ లేని మాట

మహారాజులు చేతులు వెనక్కి కట్టుకుని తోటల్లో పచార్లు చేస్తే చరిత్ర రాసుకుంది. కలెక్టర్లు చేతులు వెనక్కి కట్టుకుని కాలవ గట్ల మీద నడిస్తే పత్రికలు ఫొటోలు వేశాయి. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ నడుమనున్న ఒక మిషను ఆస్పత్రిలో, మగవాళ్ల జనరల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు సారమ్మ ఏళ్ల తరబడి ప్రతి ఉదయం ఇదే భంగిమలో వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నా ఏ చరిత్రకారుడూ కన్నెత్తి చూడలేదు. ఆ లోటు ఇక్కడ తీర్చడమైనది.

ఈ నడక పుట్టుపూర్వోత్తరాల గురించి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆయాలది నడుంనొప్పి సిద్ధాంతం. తరచూ వచ్చిపోయే రోగులది గర్వసిద్ధాంతం. ఆమె భర్త సాల్మన్ గూడెంలో రైసుమిల్లు మెకానిక్కు. ఆయనది వారసత్వ సిద్ధాంతం. సారమ్మ తండ్రి కామవరపుకోట దగ్గర ఒక పల్లెలో చర్చి గంట కొట్టేవాడు. వేళ కాకముందే చెయ్యి తాడు మీదికి పోతుందేమోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తిరిగేవాడట. "మా మావగారు గంట కోసం తిరిగారు, ఈవిడ ఎందుకు తిరుగుతుందో ప్రభువుకే తెలియాలి" అంటాడు సాల్మన్.

అసలు కారణం ఇంతకన్నా సాదాది. వార్డులో నర్సు చేతులు ముందుంటే మూడు మంచాలు దాటేలోగా నిండిపోతాయి. ఒకరు స్కానింగ్ రిపోర్టు పెడతారు. ఒకరు ఫ్లాస్కు మూత తీసిపెట్టమంటారు. మరొకరు, అవతల లైనులో తమ అల్లుడు ఉన్నాడంటూ ఫోను పెడతారు. ఒకసారి ఒకావిడ ఇప్పుడే వస్తానని చంటిపిల్లాణ్ణి పెట్టి వెళ్లి, టీ తాగి వచ్చింది. చేతిలోకి వచ్చిన పని చెయ్యక తప్పదు. అది చేస్తుండగా చేతిలోకి రాని పని ప్రాణం మీదికొస్తుంది. ఈ చివరి మాట అలంకారం కాదు.

అందుకని సారమ్మ మొదటి చుట్టు ఒట్టి చేతులతో తిరుగుతుంది. ఏ పనీ చెయ్యదు, చూస్తుందంతే. ఎవరి ఊపిరి ఎలా ఉంది, ఎవరి పెదవుల రంగు ఏమిటి, ఎవరి ఇడ్లీలు పొట్లం విప్పకుండా ఉండిపోయాయి. చుట్టు పూర్తయ్యాక బల్ల దగ్గర ఆగి, ఆ రోజు ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తేల్చుకుంటుంది. నర్సులు నిండుగా ఉన్న రోజుల్లో ఇదొక అలవాటు. సగానికి సగం తగ్గిన రోజుల్లో ఇదే ఆస్పత్రి.

"ముందు ఊపిరి. తరవాత వేళ తప్పకూడని మందు. తరవాత నొప్పి. దుప్పట్లు ఆఖర్న" అని కొత్తగా చేరిన బ్లెస్సీకి చెబుతూ ఉంటుంది. "అరిచేవాడికి ఊపిరున్నట్టే. కానీ అరిచేవాడి నొప్పి అబద్ధం కాదమ్మా. వెంటనే వెళ్లలేకపోతే ఎప్పుడొస్తావో చెప్పు. చెప్పిన వేళకి వెళ్లు."

ఇంట్లోనూ ఇదే న్యాయం నడుస్తుంది. తలనొప్పని గట్టిగా మూలిగే సాల్మన్‌కి కాఫీ ఆఖర్న వస్తుంది. ఒకసారి ఆయన తెలివిగా మూలగడం మానేసి పడుకుంటే, నిముషంలో కాఫీకి బదులు బీపీ మిషను వచ్చింది.

సారమ్మను భయపెట్టే మాట ఒకటే ఉంది. అది "పర్లేదండీ". ఈ ప్రాంతపు మనిషి కాలు విరిగినా పర్లేదండీ అంటాడు. గుండె పట్టేసినా, "మీరు భోంచేసి రండి, పర్లేదండీ" అంటాడు. ఎదుటివాళ్లకి శ్రమ ఇవ్వడం కన్నా పోవడం మర్యాదని నమ్మే జనం మధ్య వైద్యం చెయ్యడం కష్టం. అందుకే ఆ మాట విన్న మంచం దగ్గర సారమ్మ రెండోసారి ఆగుతుంది.

అలాంటి సారమ్మ, వానాకాలం జ్వరాలు ముమ్మరంగా ఉన్న ఒక ఉదయం, ఆ మాట తానే అంది.

వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. నర్సుల్లో ఇద్దరికి గవర్నమెంటు పోస్టులొచ్చి వెళ్లిపోయారు. ఒకామె పురిటికి వెళ్లింది. ఇంకొకామె ఇదే ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో, జ్వరంతో రోగిగా ఉంది. మిగిలింది సారమ్మ, బ్లెస్సీ. సూపరింటెండెంటు నరసింహమూర్తిగారు ఫోను చేశారు.

"ఇవాళ్టికి ఇద్దరితో సరిపెట్టుకోగలరా అమ్మా?"

"పర్లేదండీ" అంది సారమ్మ.

పక్కనే ఉన్న బ్లెస్సీ విని నోరు తెరిచింది. సారమ్మ ఆ నోటి వైపు చూడకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నడక మొదలుపెట్టింది.

మొదటి మంచం కృష్ణమోహన్‌ది. గూడెంలో పెద్ద కిరాణా కొట్టు, మూత్రపిండంలో చిన్న రాయి. ఆయన కేకలు గేటు దాకా వినిపిస్తున్నాయి. ఆయన గొంతు ఆగిన చోట భార్య విజయదుర్గ గొంతు అందుకుంటోంది.

"ఏవండీ సిస్టరుగారూ! మనిషి మెలికలు తిరిగిపోతుంటే చేతులు కట్టుకుని షికారేమిటండీ?"

"చుట్టు తిరిగి రాగానే బ్లెస్సీ వచ్చి నొప్పి ఇంజక్షను చేస్తుందండి. ఎంతోసేపు పట్టదు."

"ఎంతోసేపంటే?"

"మీరు ఆయన్ని ఇంకో పదిసార్లు ఊరుకోమనే లోపు."

వార్డు మధ్యలో ఆయాసంతో ఎగపోస్తున్న ముసలాయన ఉన్నాడు. ఆయన ఛాతీ కదలిక చూడగానే సారమ్మ చుట్టు ఆపి బ్లెస్సీని పిలిచింది. ఆక్సిజను పెట్టించి మళ్లీ నడిచింది. చిట్టచివరి మంచం దేవరాజుది. కొల్లేటి లంక గ్రామంలో చేపల చెరువు కాపలాదారు. చేప ముల్లు కాల్లో దిగి, పాదం వాచి, ముందురోజు చేరాడు. ఎంత మర్యాదస్తుడంటే, సూది గుచ్చుతుంటే సిస్టరుకే కాక సూదిక్కూడా అండీ అనేలా ఉంటాడు. భార్య రాజ్యం పిల్లల్ని బడికి పంపి, ఆటో, బస్సు మారి రావాలి గనక పక్కన ఎవరూ లేరు. అంత ఉక్కలో గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పొట్లంలో ఇడ్లీలు అలాగే ఉన్నాయి.

"ఎలా ఉందండి, దేవరాజుగారూ?"

"పర్లేదండీ. కాస్త చలండీ, అంతేనండీ. తమరు వాళ్లని చూడండి, పాపం."

సారమ్మ చేతులు ముందుకొచ్చాయి. నాడి వేగంగా ఉంది. బీపీ కొంచెం దిగింది, మరీ కాదు. ఊపిరి కాస్త తొందరపడుతోంది. డ్యూటీ డాక్టరు ఆనంద్ పాల్‌కి ఫోను చేస్తే, ఆయన క్యాజువాల్టీలో హైవే యాక్సిడెంటు కేసు మీద ఉన్నాడు. సెలైను పెట్టమన్నాడు, రక్తపరీక్షకి పంపమన్నాడు. "నేను వచ్చేదాకా మాటిమాటికీ చూస్తూ ఉండండి సిస్టర్. తేడా వస్తే చెప్పండి, అన్నీ వదిలేసి వస్తాను" అన్నాడు.

సరైన మాటే. కాని మాటిమాటికీ చూడడానికి మాటిమాటికీ ఒక మనిషి ఉండాలి. బ్లెస్సీ ఆయాసం మంచం దగ్గర ఇరుక్కుపోయింది. వేళ తప్పకూడని ఇన్సులిన్‌లు సారమ్మ కోసం ఎదురుచూస్తున్నాయి. మంచాల పక్కన పిలుపు గంటలు పాడైపోయి, వాటి బటన్లకు జనం తువ్వాళ్లు తగిలిస్తున్నారు.

సారమ్మ వార్డంతా ఒకసారి కలయజూసింది. ఆమె చూపు విజయదుర్గ మీద ఆగింది. కృష్ణమోహన్‌కి అన్న మాట ప్రకారం, బ్లెస్సీకి బదులు తానే ఇంజక్షను చేసి, ఆయన మూలుగు తగ్గుముఖం పట్టాక అడిగింది.

"అమ్మా, ఒక సాయం చేస్తారా? ఆ చివరి మంచం ఆయన పక్కన కూచోండి. ఊపిరి ఎక్కువైనా, మాట తేడాగా వచ్చినా నన్ను కేకెయ్యండి."

"కేకా? నేనా?" అంది విజయదుర్గ, అవమానపడాలో గౌరవపడాలో తేలక.

"మీ గొంతు వరండా అవతలికి కూడా వినిపిస్తుందండి."

"అది మాత్రం నిజమండి" అన్నాడు కృష్ణమోహన్, ఆ ఉదయం మొట్టమొదటిసారి మామూలు గొంతుతో.

విజయదుర్గ స్టూలు లాక్కుని దేవరాజు పక్కన కూచుంది. సారమ్మ ఇన్సులిన్ ట్రే పట్టుకుని బయల్దేరింది. నర్సు చూడాల్సిన మనిషిని మరో రోగి భార్యకి అప్పజెప్పమని ఏ పుస్తకంలోనూ లేదు. పొద్దున ఫోనులో తానన్న మాట ఆమె చెవిలోనే ఉంది. దాన్ని నమ్మి సూపరింటెండెంటుగారు ఇంకే వార్డులోనూ మనిషిని అడిగి ఉండరు.

నాలుగో ఇన్సులిన్ దగ్గర ఉండగా వార్డు దద్దరిల్లింది.

"సిస్టరుగారండీ! ఇదేం మర్యాదండీ! పోనీ పాపమని కూచుంటే నన్ను పట్టుకుని 'ఒసేయ్, వలెక్కడ పెట్టావే' అంటాడేమిటండీ! మా ఆయనే నన్ను ఇంతవరకూ ఒసేయ్ అనలేదండీ!"

"ధైర్యం చాలకండి" అన్న గొంతు మొదటి మంచం నుంచి వినిపించింది.

సారమ్మ నవ్వలేదు. వైద్యగ్రంథాల్లో ఈ లక్షణం రాసి ఉండకపోవచ్చు. కాని కొల్లేటి గట్టు మీద పుట్టి పెరిగిన దేవరాజు ముక్కూమొహం తెలియని ఆడమనిషిని ఒసేయ్ అన్నాడంటే, అన్నది దేవరాజు కాదు. వాచిన పాదం నుంచి ఒళ్లంతా పాకిన విషం. ఆమె ట్రే అక్కడే పెట్టి పరిగెత్తింది. ఆ పరుగులో చేతులు వెనక్కి లేవు.

దేవరాజు కళ్లు ఎటో చూస్తున్నాయి. చేతులు చల్లగా, పెదవులు పాలిపోయి ఉన్నాయి. బీపీ బాగా పడిపోయింది. ఆనంద్ పాల్ అన్నట్టుగానే అన్నీ మరొక డాక్టరుకి వదిలేసి వచ్చాడు. ఆక్సిజను, ధారగా సెలైను, బలమైన ఇంజక్షను, ఏలూరు పెద్దాస్పత్రికి అంబులెన్సు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. స్ట్రెచరు కదిలే వేళకి దేవరాజుకి కాస్త స్పృహ వచ్చింది గానీ మాట రాలేదు. "ఇంకొంచెం ఆలస్యమైతే..." అని ఆనంద్ పాల్ మిగతా వాక్యం మింగేశాడు.

"మా ఆవిడ గొంతు ఇన్నాళ్లకి ఒక మనిషికి పనికొచ్చిందండి" అన్నాడు కృష్ణమోహన్.

"అరువు బాకీలు వసూలైంది ఎవరి గొంతుతోనండీ, తమరి గొంతుతోనా?" అంది విజయదుర్గ. తరవాత గొంతు తగ్గించి, "బతుకుతాడాండీ ఆయన?" అని సారమ్మను అడిగింది. సారమ్మ పర్లేదండీ అనలేదు. "తెలీదండి" అంది.

సాయంత్రం నరసింహమూర్తిగారు స్వయంగా వార్డుకి వచ్చారు. మంచి మనిషి, పొద్దుట నుంచీ నర్సుల కోసం బయట ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి లేదనిపించుకున్న మనిషి. వస్తూనే గంభీరంగా గొంతు సవరించుకున్నారు.

"చాలా బావుందమ్మా. పక్క మంచం వాళ్లని కాపలా పెట్టడం అద్భుతమైన ఆలోచన. అన్ని వార్డుల్లోనూ పెట్టేద్దాం. దీనికో మంచి పేరు పెట్టి, బోర్డు కూడా రాయిద్దాం. రేపు కూడా ఇలాగే ఇద్దరితో..."

"చాలరు" అంది సారమ్మ.

బ్లెస్సీ చేతిలో దూది జారిపడింది. సూపరింటెండెంటుగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఆ ఆస్పత్రి కట్టిన నాటి నుంచి, ఆ హోదా గల మనిషితో అండీ లేకుండా ఒక మాట పూర్తి కావడం అదే ప్రథమం కావచ్చు.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అన్నారాయన, నిజంగానే కంగారుపడి.

"బాగానే ఉంది. పొద్దున మీరడిగినప్పుడు పర్లేదన్నాను. అది అబద్ధం. ఇవాళ ఆవిడ గొంతు పెద్దది కాబట్టి సరిపోయింది. రేపు ఆ స్టూలు మీద నెమ్మదస్తురాలు కూచుంటే? మూడో మనిషినివ్వండి. లేదంటే ఇద్దరం చూడగలిగినంతమందినే చేర్చుకోండి, మిగతా మంచాలు ఖాళీగా ఉంచండి."

"మంచాలు ఖాళీగా ఉంచితే వచ్చినవాళ్లు ఎక్కడికి పోతారమ్మా?"

"నిండా చేర్చుకుంటే ఎవరెక్కడికి పోయేవారో ఇవాళ చూశాం కదా."

ఆయన దేవరాజు ఖాళీ మంచం దాకా నడిచి వెళ్లి వచ్చారు. "చూస్తానండీ" అన్నారు చివరికి. ఆ అండీ ఆయన నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

గోదావరి ప్రాంతపు సంభాషణా చరిత్రలో ఆ సాయంత్రానికి తగిన స్థానం దక్కాలి. ఒక శిలాఫలకం వేసినా తప్పులేదు.

మర్నాడు ఉదయం మూడో నర్సు వచ్చింది. సారమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టు పూర్తిచేసే వేళకి ఏలూరు నుంచి రాజ్యం ఫోను చేసింది. "మాట వచ్చిందమ్మా. అక్కడి సిస్టరుగారితో 'కాసిని మంచినీళ్లిప్పిస్తారాండీ' అన్నారమ్మా." సారమ్మ ఫోను పెట్టేసి నేరుగా మొదటి మంచం దగ్గరికి నడిచింది. విజయదుర్గకి ఆ కబురు చెబితే, ఆమె వార్డంతటికీ ఒక్క కేకతో చెప్పింది.

మధ్యాహ్నం ప్రసూతి వార్డులో మనిషి చాలక, మూడో నర్సును అక్కడికి తీసుకువెళ్లారు.