టవల్ చుట్టిన మోడెం

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వితే మాత్రం ఊరుకోను. మా అమ్మ మీద ఒట్టు, ఇది నాకు జరిగింది. "లైన్లు కలిసిపోయి ఉంటాయిలే" అన్న ప్రతివాడితోనూ ఇరవై ఏళ్లుగా పోట్లాడుతూనే ఉన్నాను.

అప్పుడు నేను భీమవరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు. ఊరి బయట మాకు రెండు రొయ్యల చెరువులు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకో పది రోజులుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకటే రూలు. రాత్రి పది దాటితే ఫోన్ ఎవరూ ముట్టుకోకూడదు. కాపలా ఉండే సత్తిబాబు గట్టు మీది షెడ్డులోంచి ఎప్పుడు చేసినా మా ఫోన్ మోగాలి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో గాలి చాలదు. తెల్లారేలోపు రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, నాన్న పడుకోగానే ఫోన్ వైరు పీకి మోడెంకి గుచ్చేవాణ్ని. ఎందుకంటారా? చాటింగ్! ముక్కూ మొహం తెలియనివాళ్లతో సొల్లు కబుర్లు. అవి నడిచినంతసేపూ మా లైను ఎంగేజే. నెట్ కలిసేటప్పుడు కీచుమనే కూత బయటికి వినపడకుండా మోడెంకి టవల్ చుట్టేవాణ్ని. అదీ నా తెలివి.

ఆ రాత్రి రెండు దాటింది. కనెక్షన్ తెగిపోయింది. మళ్లీ డయల్ కొట్టాను. టవల్ కింద నంబర్లు వరసగా నొక్కుకున్నాయి. తర్వాత కీ... మని అరవాలి కదా.

అరవలేదు.

నీళ్ల చప్పుడు...

టప... టప... టప... ఏరియేటర్ రెక్కలు నీళ్లని కొట్టే చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడే. అది నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది... ఆగిపోయింది. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"రెండో చెరువు పోయిందండీ..."

సత్తిబాబు గొంతు. కంగారు లేదు. ఏడుపు లేదు. ఎప్పుడో అయిపోయిన సంగతి చెబుతున్నట్టు ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో ఆటలాడుతున్నాడనుకున్నాను. "ఎవడ్రా నువ్వు?" అని మోడెం మీద ఒక్క గుద్దు గుద్ది మళ్లీ డయల్ చేశాను. మళ్లీ అదే. నీళ్లు... నిశ్శబ్దం... "రెండో చెరువు పోయిందండీ..."

టవల్ లాగేశాను. మోడెం మీద ఒక్క లైటూ వెలగడం లేదు.

వైరు పీకేశాను. ఫోన్‌కి గుచ్చాను. గుచ్చీ గుచ్చగానే మోగింది.

"అబ్బాయిగారూ! ఇక్కడ కరెంటు పోయిందండి. జనరేటర్ స్టార్టవట్లేదండి. ఒకటో చెరువులో రొయ్య పైకి తేలిపోతందండి! గంట నుంచీ చేత్తన్నాను, ఎంగేజ్, ఎంగేజ్! నాన్నగారిని లేపండి!"

"రెండోది పోయిందన్నావుగా ఇందాక?"

"నేనెక్కడన్నానండి? లైను దొరికితే కదండీ మాటాడేది! రెండోది బానే ఉందండి. ఇప్పుడే చూసొచ్చాను."

నాన్న పక్క రైతుని లేపి, అతని జనరేటర్ ట్రాక్టర్ మీద తెచ్చారు. అది ఒక్క చెరువుకే సరిపోతుంది. రొయ్య తేలుతున్నది ఒకటో చెరువులో కాబట్టి అక్కడే పెట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రెండోది చూడండి నాన్నా అని నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసురా అంటారు. మోడెం సంగతి చెప్పాలి. నోరు మూసుకున్నాను.

తెల్లారాక నాన్న రెండో చెరువులో విసురువల వేసి లాగారు. వలనిండా చచ్చిన రొయ్యలే. పైకి ఒక్కటీ తేలకుండా అడుగునే పోయాయి.

"గంట నుంచి చేశావా? మా ఫోన్ ఎంగేజ్ ఎందుకుంటుందిరా? తాగి పడుకుని, నాకు అబద్ధాలు చెబుతావా?" నాన్న సత్తిబాబు మీదికి వెళ్లిపోయారు.

"అమ్మతోడండి, చేశానండి."

"ఏరా, రాత్రి ఫోన్ నువ్వేమైనా వాడావా?" అని నాన్న నా వైపు తిరిగారు. సత్తిబాబు కూడా నా వైపే చూశాడు.

"లేదు నాన్నా."

ఏడేళ్లు మా గట్టు మీద పడుకున్న మనిషి. ఆ మధ్యాహ్నమే చాప చుట్టుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వెధవా అని తిట్టి ఉంటే బాగుండేది.

ఆ గొంతు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సత్తిబాబు ఆ మాట అనలేదు. అప్పటికి రెండో చెరువు పోయిందని ఎవరికీ తెలియదు. కానీ అది సత్తిబాబు గొంతే, ఎక్కడ అడిగినా అదే చెబుతాను. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. మంచం మీద నాన్న పడుకుని ఉన్నారు కదా, ఆయన చెవిలో చెప్పొచ్చుగా? ఇంట్లో ఇంతమంది ఉండగా, నోరు విప్పనివాణ్ని వెతుక్కుని మరీ ఎందుకు చెప్పింది?

సత్తిబాబు తాగి పడుకున్నాడనే నాన్న ఇవాళ్టికీ అంటారు. నేను వింటూ కూర్చుంటాను.