రాఘవమ్మ కూర్చునే చోటు

జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ యాకోబు నాగాయలంక రేవులో ఇంజను పడవ నడుపుతున్నాడు, అవతలి లంకకి. చేపల బుట్టతో రోజూ దాటే రాఘవమ్మ ఇంజను పక్కనే కూర్చునేది. నీళ్లు కారే బుట్టని జనం ఇంకెక్కడా పెట్టనివ్వరు మరి. పొగంతా ఆవిడ ముక్కుకే.

"నీ పడవెక్కితే పచ్చికట్టెల పొయ్యి ఊదినట్టుందయ్యా! లోపల నా ఊపిరితిత్తులు ఎండుచేపలై ఉంటాయి," అనేది, దగ్గుతూ నవ్వుతూ.

ఆ దగ్గు వినలేకే అతను బయోడీజిల్‌కి మారాడు. గుడివాడలో, హోటళ్లలో వాడేసిన నూనెతో చేస్తారు దాన్ని. పొగ పలచబడింది గానీ బజ్జీల వాసన పట్టుకుంది.

"ఇప్పుడు ఆకలేసి చస్తున్నాను. బజ్జీలు కూడా నువ్వే పెట్టించాలి," అంది రాఘవమ్మ.

ఆ నూనె అమ్మినాయన ముందే చెప్పాడు: "పాత ట్యాంకులో పేరుకున్న మడ్డినంతా ఇది కదిలిస్తుందండీ. ఓసారి దించి కడిగించండి." పడవ ఆపితే బడిపిల్లలు ఎలా దాటతారని యాకోబు వాయిదా వేశాడు. ఫిల్టరు మారిస్తే చాలనుకున్నాడు.

నెల తిరక్కుండానే రాఘవమ్మ బందరు ఆసుపత్రిలో పోయింది. పొద్దుగూకేలోగా లంకలో దహనం చెయ్యాలి. కొడుకు మోహన్, కూతురు కుమారి ఆవిడని పడవలో ఎప్పుడూ కూర్చునే చోటే పడుకోబెట్టారు.

నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. నీళ్లు వెనక్కి లాగే పాటు వేళ, పడవ సముద్రం వైపు జారసాగింది.

"బజ్జీల నూనె పొయ్యొద్దంటే విన్నావా మావయ్యా? మా అమ్మకి నిప్పు కూడా దక్కనివ్వవా?" మోహన్ అరిచాడు.

యాకోబు ఫిల్టరు విప్పాడు. నిండా నల్లటి మడ్డి.

"తప్పు నూనెది కాదురా, నాది," అన్నాడు.

కొత్త ఫిల్టరు బిగించి, గాలి బుడగలు పోయేదాకా పంపు నొక్కాడు. ఎండ మడచెట్ల కొసలకి దిగింది. కుమారి మాత్రం తల్లి పాదాలు వదల్లేదు.

ఇంజను రెండుసార్లు మూలిగి, అందుకుంది. బజ్జీల వాసన పడవంతా కమ్మింది.

"అమ్మకి ఆకలేస్తదన్నయ్యా," అంది కుమారి, ఏడుస్తూనే. మోహన్ లేచాడు. వచ్చి యాకోబు పక్కన కూర్చున్నాడు.

చితి అంటుకునేసరికి ఇంకా వెలుతురుంది.

మర్నాడు రేవులో జనం మూగారు. యాకోబు ట్యాంకుని ఒడ్డుకి దించి, అడుగున మడ్డిని డబ్బాలోకి తోడుతున్నాడు.

"ఇవాళ పడవ లేదా యాకోబన్నా?"

"లేదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఆవిడ ఉండగా చెయ్యాల్సిన పని ఇది."