ముందు చోటు, తర్వాత తలకాయ

గ్లేజు కాగితానికి ఒక వాసన ఉంటుంది. పాత జిగురు, చెమ్మ పట్టిన అట్ట, ఇంకేదో తియ్యటి మందు కలిసినట్టుంటుంది. ఈ రోజు పొద్దున రంగులు కలుపుకుందామని బల్ల సర్దుతుంటే మోచెయ్యి తగిలి బిస్కెట్ల డబ్బా కింద పడింది. మూత ఊడి గదంతా ఆ వాసనే. ఎర్రవి, పసుపువి, నీలివి, గుండ్రంగా కత్తిరించిన కాగితాలు బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఒక్కొక్కటే ఏరుతూ "ఏం మనిషివన్నా నువ్వు! పోయి కూడా నా నడుము వంచుతున్నావే!" అని పైకే అనేశాను. దేవదానం అన్న మీద నాకున్న విసుగు ఆయనతో పాటు పోలేదు.

కర్నూలు పాత బస్టాండు వెనక సందులో ఆయనకు బ్యానర్లు, ఫ్లెక్సీలు చేసే దుకాణం ఉండేది. నేను హైదరాబాదులో చిత్రకళ చదివి వచ్చాను. చదరాలు, త్రిభుజాలు, వృత్తాలు తప్ప ఇంకేమీ వేయని రకాన్ని. చెట్టు లేదు, మనిషి లేదు, ఒట్టి ఆకారాలూ వాటి మధ్య రంగూ. ఇంట్లో వాళ్లకు అది అంతుపట్టలేదు, ఊళ్లో దానితో ఎవరికీ పని లేదు. ఆరు నెలలు చేసి మానేద్దాంలే అని ఆయన దగ్గర చేరాను. ఆ ఆరు నెలలు ఇరవై రెండేళ్లయ్యాయి. ఈ మాట ఎవరికి చెప్పినా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చేరిన రోజే గొడవ. బల్ల మీద కొత్త కంప్యూటరు ఉంది, దాన్ని ముట్టుకోనివ్వడు. కడప బండ పరిచిన అరుగు మీద తెల్ల చార్టు వేసి, ఈ బిస్కెట్ల డబ్బాలోంచే మనిషికొకటి చొప్పున గుండ్రటి కాగితాలు తీసి పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు పని ఒక వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. నాయకుడి బావమరుదులిద్దరూ వచ్చి, ఎవరి ఫోటో ఎంత ఉండాలని దుకాణం ముందు అరుస్తున్నారు.

"వాని తలకాయ అంత, నాది ఇంతా? ఊర్లో నా మర్యాదేం కావాల?"

దేవదానం అన్న తలెత్తకుండా, "తలకాయల సంగతి ఇడిసిపెట్టండప్పా. ముందు చోటు, తర్వాత తలకాయ. ఈ గుండ్లల్లో ఎవురు యాడ కూచుంటారో చెప్పండి" అన్నాడు.

ఇద్దరూ వంగి చూశారు. ముఖాలు లేవు, పేర్లు లేవు, రంగు కాగితాలు మాత్రమే. పెద్ద తలకాయ కావాలని అంతసేపు గొంతు చించుకున్నవాడే, పెద్ద వృత్తానికి దూరంగా, చుట్టూ బోలెడు ఖాళీ ఉన్న ఒక చిన్న పసుపు కాగితం మీద వేలు పెట్టి, "ఈడైతే శానా బాగుండాది" అన్నాడు. గొడవ సద్దుమణిగింది. టీ తాగి వెళ్లిపోయారు.

వాళ్లు పోయాక ఆయన డబ్బా అడుగు నుంచి ఒక నల్ల గుండీ తీశాడు. పాత కోటుది, రూపాయి బిళ్లకన్నా కొంచెం చిన్నది. దాన్ని చార్టు మీద కుడివైపు కింది అంచున పెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. గోటితో పిసరంత జరిపి తల ఊపాడు. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా చిందరవందరగా ఉన్న కాగితాలన్నీ ఆ గుండీ పెట్టేసరికి కుదురుగా నిలబడ్డాయి. నేను ఇంకా చూస్తుండగానే దాన్ని తీసి డబ్బాలో పడేశాడు.

"అదెవరన్నా?"

"నేనే. అందురూ సరిగ్గా కూచున్నారా లేదా అని చూసేటోడు ఒగడు కావల్ల కదా."

"మరి తీస్తావెందుకు? అది ఉంటేనే కదా బాగుంది!"

"ఫ్లెక్సీ వాళ్లది పాపా, నాది కాదే."

ఇరవై రెండేళ్లు రోజూ ఇదే తంతు. పెళ్లి ఫ్లెక్సీ అయినా, అహోబిలం తిరునాళ్ల స్వాగత ఫ్లెక్సీ అయినా, సంతాపానిదైనా సరే. ముందు కాగితాలు, చివర్లో గుండీ, తర్వాత గుండీ డబ్బాలోకి. కంప్యూటరులో అయిదు నిమిషాల పనిని గంట సాగదీసేవాడు. చాదస్తం అనుకునేదాన్ని, మొహం మీదే అనేదాన్ని కూడా. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా చిరాకు.

ఒకసారి ఉక్రోషం పట్టలేక నా కాలేజీ రోజుల బొమ్మ ఒకటి ఆటోలో వేసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాను. బూడిద రంగు మీద మూడు చదరాలు, ఒక ఎర్ర వృత్తం. కళ అంటే ఏమిటో ఈయనకు ఇప్పుడైనా తెలుస్తుందని నా ఆశ. ఆయన చాలాసేపు చూశాడు. చూసి చూసి, ఎర్ర వృత్తం దగ్గర ఆగాడు.

"ఇదెవురు?"

"ఎవరూ కాదన్నా! వృత్తం!"

ఆయన బొటనవేలు అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి, వృత్తం కనపడకుండా చేసి చూశాడు. "తీసేస్తే నీకేమన్నా తక్కువైతాదా పాపా?"

తక్కువ కాదని నాకు కనపడుతూనే ఉంది. వచ్చిన ఆటోలోనే బొమ్మను వెనక్కి తీసుకుపోయాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడేళ్ల కిందట పని మానేసి మళ్లీ బొమ్మల దగ్గరికి వచ్చాను. ఈ వయసులో నాకు కావలసింది ఒక్కటే, ఇది నాది అని చెప్పుకోగల ఒక్క బొమ్మ. వేశాను, చెరిపాను, మళ్లీ వేశాను. గోడకు ఆనించి, పాడు అలవాటు, బొటనవేలు అడ్డం పెట్టి చూసేదాన్ని. ఏ ఆకారాన్ని మూసినా బొమ్మకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. నా బొమ్మల్లో ఏది తీసేసినా ఏమీ తక్కువయ్యేది కాదు. చూడటం నేర్పినందుకు ఆయన్ను తిట్టుకుంటూ ఎన్ని క్యాన్వాసులకు తెల్ల రంగు పూశానో నాకే తెలియదు.

పోయిన ఏడాది దేవదానం అన్న పోయాడు. కొన్నాళ్లకు ఆయన భార్య రూతమ్మ వదిన ఈ డబ్బా చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "దుకాణం ఖాళీ చేస్తాంటే దొరికె. మూత కూడా తీయలేదు. జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ నువ్వే చేయల్లమ్మా" అంది. ఇక ఫ్లెక్సీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. కాదనలేకపోయాను. కొడుకులు, కోడళ్లు, మనవలు కలిపి పదకొండు తలకాయలు, నడుమ ఆయన.

ఆమెకు టీ ఇచ్చి, చార్టు పరిచి, కాగితాలు పేర్చాను. నడుమ పెద్ద నీలి వృత్తం ఆయనది. ఎట్లా జరిపినా కుదరదు. చివరికి విసుగొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి గుండీ తీసి కుడివైపు కింద పెట్టాను. పదకొండు మందీ ఒక్కసారిగా కుదుటపడ్డారు. నీలి వృత్తాన్ని బొటనవేలితో మూసి చూశాను. ఏమీ తక్కువ కాలేదు, తీసేశాను. గుండీని మూశాను. చార్టంతా ఒరిగిపోయింది.

రూతమ్మ వదిన టీ గ్లాసు పక్కన పెట్టి వంగి చూసింది. "ఓయమ్మా! ఇది మా పెండ్లి కోటు గుండీ కదే!" అంది. కోపమో ఏడుపో తెలియని గొంతు. "ఎన్నేండ్లు ఎదికినానో దీనికోసరం! అడిగితే తెలీదనె! మట్టి చేసేనాడు కోటు తొడుగుదామంటే నడిమి గుండీ ల్యాకపాయె. ఒట్టి చొక్కాతోనే పంపిస్తిమి. ఈడ పెట్టుకున్యాడా మహానుభావుడు!"

గుండీని చీర కొంగున ముడేసుకుంది. కోటుకు కుట్టి పెట్టెలో దాచుకుంటానంది. ఫ్లెక్సీ వాళ్లు కోరినట్టే చేశాను, నడుమ పెద్ద ఫోటో, మూలల్లో గులాబీలు, పైన పావురం. చార్టు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. పదకొండు కాగితాలు అతికించి, గుండీ ఉన్నచోట పెన్సిలుతో చిన్న సున్నా చుట్టాను.

ఆ చార్టు చూసి ఈ మధ్య ఆరడుగుల క్యాన్వాసు మొదలుపెట్టాను. పదకొండు వృత్తాలు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరుంది, ఎవరికీ చెప్పను. కింది మూల చోటు ఒక్కటీ నాలుగు రోజులుగా ఖాళీగా ఉంచాను. ఎందుకో చెయ్యి రాలేదు. ఈ రోజు కింద పడిన కాగితాలన్నీ ఏరి డబ్బాలో వేసి, మూత బిగించి, నల్ల రంగు కలిపాను. గుండీ కొలత నా వేలికి గుర్తుంది. వేశాక గోడ దాకా వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టాను. బొమ్మ ఒరిగింది. వేలు తీశాను. నిలబడింది.

"ఈ బొమ్మ నాదన్నా" అన్నాను. "నేను తియ్యను. ఏం చేసుకుంటావో చేసుకో."