దీపం పెట్టిన గదిలో రీలు కడిగిన రోజు

మా ఇంట్లో కిటికీ లేని గది ఒక్కటే. ముందు మగ్గాల కొట్టం, వెనక వంటిల్లు, నడిమిది ఈ గది. తలుపేస్తే పట్టపగలు కూడా కంటి ముందు చెయ్యి కనపడదు. మా అమ్మాయి తాను తీసిన సినిమా రీళ్ళను ఆ గదిలోనే మందునీళ్ళలో కడిగేది. మా ఇంటాయన పోయింది కూడా ఆ గదిలోనే.

సినిమా అంటే కథ, పాటలు ఉండేది కాదు. తిరుపతిలో చదివేటప్పుడు నేర్చుకొచ్చిన విద్య అది. చిటికెన వేలంత వెడల్పు ఫిల్ము, మద్రాసు స్నేహితురాలిని అడిగి తెచ్చుకున్న పాత కెమెరా. గడియారానికి తిప్పినట్టు కీ తిప్పితే కటకటమని నడిచేది. ఒక రీలు గట్టిగా మూడు నిమిషాలు కూడా రాదు. నగరిలో నూలుకు రంగులద్దిన నీళ్ళు పోయే కాలువను ఫిల్ము తీసి గోడ మీద చూపించింది ఒకసారి.

"ఇందులో హీరో ఎవురమ్మే?" అన్నాడు వాళ్ళ నాయన.

"కాలవే నాయనా."

"హీరోయిన్ను?"

"అదీ కాలవే."

"అయితే ఇద్దురూ కలిసే పారతా ఉండారు, ఇంక తగువేముండాది!" అని నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, గోడ పట్టుకున్నాడు.

నూలు దుమ్ము ఆయన రొమ్ములో ఏళ్ళ తరబడి పేరుకుంది. తిరుపతి పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు పెట్టుకుని, ఇంక ఇంటికి తీసుకుపోండి అన్నారు. వీడియో తీద్దామని ఫోను ఎత్తితే మటుకు లేచి వెళ్ళిపోయేవాడు. "దగ్గేవోడి వీడియో ఎవురికి కావల్లబ్బా?" అనేవాడు. ఆ పాత కెమెరాకు మాత్రం అడ్డు చెప్పలేదు. దాని చప్పుడు విని, "ఇది మన మగ్గానికి సెల్లెలు" అన్నాడు. ఒక పొద్దున ఊపిరి కాస్త ఆడినట్టుంటే, వద్దన్నా వినకుండా పోయి మగ్గం ముందు నిలబడ్డాడు. మా అమ్మాయి ఉన్న ఒక్క రీలూ ఆయన మీదే తిప్పింది. ఆ వారం దాటలేదు.

పోయినచోట, తల పెట్టిన వైపు, మా అత్త దీపం పెట్టింది. దినాలు అయ్యేదాకా ఆ దీపం కొండెక్కకూడదు, ఉన్నచోటి నుంచి జరపకూడదు. దీపం లేకుంటే పోయినవాడికి దోవ తెలియదంటారు. ఆమె కొడుకు మంచం ఉన్నచోటనే చాప వేసుకుని, గిన్నెలో నూనె పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఆయన మీద తిప్పిన రీలు ఇంకా కడగకుండా డబ్బాలోనే ఉంది. నడి ఎండాకాలం. పోయిన ఏడాది ఇలాగే ఒక రీలు ఈ వేడిలో కడగకుండా ఉంచితే, కడిగినప్పుడు మొదటి నుంచి చివరి వరకు బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. వేరే చోట కడుగుదామంటే కొట్టం రేకుల సందుల్లో పగలు ఎండ, రాత్రి వీధిలైటు; వంటింట్లో పొగగూడులోంచీ అదే వెలుతురు. ఇంకొకరి ఇంట్లో అడుగుదామంటే మైల ఇంటివాళ్ళను గడప ఎవరు తొక్కనిస్తారు? మా అమ్మాయి ఆ డబ్బాను తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు.

మా అత్తే అడిగింది. "ఏందమ్మే ఆ డబ్బా, బిడ్డను మోసినట్టు మోస్తా ఉండావు?"

"దీంట్లో నాయన ఉండాడవ్వా. ఈ ఎండకి మాడిపోతాడు."

"మాడకండా ఏం సెయ్యల్ల?"

"కడగల్ల. సీకటి కావల్ల. దీపం ఎలుగు తగిలినా బొమ్మ పోతాది" అంది.

ముగ్గురమూ దీపం వైపే చూశాం. నాకు ఆ దీపమూ కావాలి, ఆయనా కావాలి.

"వోడు దాంట్లో కదలతాడా?" అంది మా అత్త.

"కదలతాడవ్వా."

"నేస్తాడా?"

"నేస్తాడు."

ఆమె వేళ్ళు నాలుకతో తడి చేసుకుని వత్తిని నలిపేసింది. "దోవ తెలీకపోతే ఈడనే ఉంటాడులే. మంచిదే" అంది.

నేను బయట నిలబడి తలుపు సందులో గుడ్డలు కుక్కాను. లోపల కుండనీళ్ళు బకెట్లో పోసే చప్పుడు, మందునీళ్ళ పులిసిన వాసన. మా అత్త చీకట్లోనే చాప మీద ఉండిపోయింది. తలుపు తీసేసరికి మా అమ్మాయి చేతుల నిండా తడి ఫిల్ము. ముందు దీపం ముట్టించి, తర్వాత ఆ ఫిల్మును కొట్టంలో ఆ కొస నుంచి ఈ కొసకు పడుగు నూలు లాగినట్టు లాగి ఆరేశాం.

సాయంత్రం చీకటి పడ్డాక బొమ్మ వేసే మిషను పెట్టి కొట్టం గోడ మీద వేసింది. కడిగిన ఫిల్ములో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనపడుతుందట. నల్లటి మనిషి వీపు విబూది పూసినట్టు తెల్లగా ఉంది. తెల్లటి నూలు నల్లగా పరుగెత్తుతోంది. నూలు కండె మార్చే వేళ్ళు వచ్చాయి. ఎండపొడలో లేచే దుమ్ము నల్లటి చుక్కలై ఆడింది. దగ్గు వచ్చి భుజాలు ఎగిరిపడ్డాయి. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ వీపు. అంతే, రీలు కొస పటపటమని కొట్టుకుంది.

"మొగం యాడమ్మే?" అంది మా అత్త.

మా అమ్మాయి మిషను ఆపి రీలు వెనక్కి చుట్టసాగింది. "మొగం అందురూ తీస్తారవ్వా. నేను సేతులు... మొగం మళ్ళెప్పుడన్నా..." అని ఆపేసింది.

తిడదామని నోరు తెరిచాను.

"ఇంగో తూరి ఎయ్యి" అంది మా అత్త. వేసింది. ఈసారి ఆమె లేచి గోడ దగ్గరికి పోయి, పక్కకు ఒరిగి, ఆ వీపు అవతలికి తొంగి చూసింది. "ఇంగో తూరి. ఈ తూరి తిరగతాడేమో."

"తిరగడవ్వా."

"నీకేం తెలుసు? నువ్వు ఎనకాల గదా ఉంటివి."

దినాలు అయ్యేదాకా రోజూ వేయించుకుంది. వేసిన ప్రతిసారీ ఫిల్ము మీద గీతలు పడుతున్నాయని, ఇలాగే వేస్తే బొమ్మ అరిగిపోతుందని మా అమ్మాయి నాకు చెప్పింది. ఆ మాట మా అత్తకు ఇద్దరమూ చెప్పలేదు. సాయంత్రం కాగానే ఆమె దీపంలో నూనె పోసి, వచ్చి గోడ పక్కన, ఆయన తిరిగితే మొహం కనపడే వైపు కూర్చునేది.